వేలికి సిరా పెట్టే ఆయన

మా అమ్మ జ్ఞానమ్మకు ఎనభై నాలుగేళ్లు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమె అడుగుతున్నది ఒకటే ప్రశ్న. దానికి జవాబును మా ఆయన శుభాకర్ ఇంటర్నెట్‌లో ముక్కూమొహం తెలియని వాళ్లకు చెప్పి, మాకు చెప్పకుండానే పోయాడు. ఆయన పోయిన ఏడో నెలలో ఈ సంగతి నాకు తెలిసింది.

ముందు ఆ ప్రశ్న ఏమిటో చెప్పాలి.

మా అన్న జోసఫ్ కూడా నాలాగా, మా ఆయనలాగా టీచరే. ఒక ఎన్నికలప్పుడు పోలింగ్ డ్యూటీకి పోయి, పోలింగ్ జరుగుతున్న బడిలోనే చనిపోయాడు. ఆ ఊళ్లో రెండు వర్గాలు. ఒక వర్గం ఒక పార్టీలో ఉంటే, రెండోది ఇంకో పార్టీలో ఉండక తప్పదు. ఉదయం పదకొండు గంటలకు నాటుబాంబులు పడ్డాయి. మధ్యాహ్నం మూడింటికి మా అన్న శవం జీపులో జమ్మలమడుగులోని మా ఇంటి ముందుకు వచ్చింది. శవంతో పాటు వచ్చిన మనిషి శుభాకర్. అన్నతో పాటు అదే బడిలో డ్యూటీ చేశాడు. పోలీసులకు "నేనేమీ చూడలేదు" అని రాసిచ్చాడు. ఆ సంవత్సరాల్లో అందరూ అదే రాసిచ్చేవాళ్లు.

రెండేళ్ల తర్వాత ఆయన నన్ను పెళ్లి చేసుకుంటానని వచ్చాడు. అమ్మను ఒక్కదాన్నే వదిలిపెట్టనని నేను చెప్తే, మా ఇంట్లోనే ఉంటానన్నాడు. అలాగే ఉన్నాడు.

పెళ్లయిన మొదటి వారంలోనే అమ్మ అడిగింది. "నా కొడుకు పోయేటప్పుడు పక్కన ఎవురన్నా ఉండినారా అప్పా?"

"నేనేమీ చూడలేదత్తా" అన్నాడు ఆయన.

అమ్మ ఆ తర్వాత ఆయన్ను మళ్లీ అడగలేదు. నన్ను అడిగేది. గోడను అడిగేది. ప్రార్థనలో అడిగేది. పక్కన ఉండి చూడలేదంటే పారిపోయినట్టే లెక్క అని ఆమె తీర్మానం చేసుకుంది. అల్లుడికి మూడు పూటలా అన్నం పెట్టింది. కంచం పక్కన చెంబుతో నీళ్లు పెట్టింది. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆయన ఎదురుగా కూర్చుని మాట్లాడలేదు.

పోయిన ఏడాది ఎర్రగుంట్ల స్టేషన్లో రైలు దిగుతుండగా ఆయన గుండె ఆగిపోయింది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఏడో నెలలో పులివెందుల నుంచి జనార్దనం గారు ఫోన్ చేశారు. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, మా ఆయనకు పాత పరిచయం. "సారు పోయిన సంగతి నాకు ఇప్పుడే తెలిసిందమ్మా. పేపర్లో రాలేదు గదా" అన్నారు. పేపర్లో రానందుకు నాదే తప్పన్నట్టు ఉంది ఆ గొంతు. తర్వాత అన్నారు: "పోలింగ్ డ్యూటీ గురించి సారు ఫోరంలో రాసింది సదివి నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. మీరు సదివింటారులే."

నేను చదవలేదు. అలాంటిది ఒకటి ఉందని కూడా నాకు తెలియదు. ఆయన సాయంత్రాలు ఫోన్లో ఏదో టైపు చేస్తుంటే కొర్రల సాగు గురించో పాత రైళ్ల గురించో అనుకునేదాన్ని. అడిగితే అదే చెప్పేవాడు.

రెండో శనివారం ముద్దనూరు మీదుగా బస్సెక్కి పులివెందుల పోయాను. జనార్దనం గారు నన్ను కూర్చోబెట్టి వీధి తలుపు వేశారు. కిటికీ కూడా వేశారు. బయట ఎండలో ఒక ఆవు తప్ప ఎవరూ లేరు.

"ఏం రాశారు సార్ ఆయన?" అని అడిగాను.

"శానా బాగా రాసినాడమ్మా."

"మా అన్న పక్కన ఎవరైనా ఉన్నారా లేదా, అది రాశారా?"

"ఆడికి రాలేదు నేను. సగం సదివినా. బాంబు పడింది కాడికి వచ్చినా. అంతలో మా యామె పిలిచ్చా ఉంటే, తర్వాత సదువుదామని దాచిపెట్టుకుంటి. రెండు నెల్లకు చూస్తే ఆ సర్వరే లేదు."

"లేదంటే?"

"మూసేసినారంట."

"మీరు దాచిపెట్టుకున్నారు కదా."

"దాచిపెట్టుకున్నేది ఆ సర్వర్లోనే గదమ్మా" అన్నారాయన, ఒకటో తరగతి పిల్లకు చెప్పినట్టు.

సగం చదివి కన్నీళ్లు పెట్టుకున్న మనిషికి మిగతా సగం చదివే తీరిక రెండు నెలలు దొరకలేదు. ఆయన భార్య అలివేలుమంగ గారు మజ్జిగ తెచ్చి ఇచ్చారు. నేను లేవబోతుంటే జనార్దనం గారు గొంతు తగ్గించారు.

"భయపడే పనేం లేదమ్మా. ఎవుర్నీ పేరు పెట్టి రాయలేదు సారు. జాగ్రత్త మనిషి."

"నాకు భయం లేదు సార్" అని చెప్పి వచ్చేశాను. ఆయన అన్న ఆ మాట అప్పుడే సరిగ్గా విని ఉంటే నాకు మూడు వారాలు మిగిలేవి.

ఇంటికి రాగానే ఆయన ఫోన్ తీశాను. దాంట్లో ఆ ఫోరం యాప్ ఉంది. నొక్కితే తెల్లటి తెర మీద సర్వర్ అందుబాటులో లేదని వచ్చింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. ఎన్నిసార్లు నొక్కానో చెప్పను.

నేను పని చేసేది ప్రొద్దుటూరులో. అక్కడ మైదుకూరు రోడ్డులో షంషుద్దీన్‌కు నెట్ సెంటర్ ఉంది. ఎనిమిదో తరగతిలో నా దగ్గర తెలుగు చదివాడు. ఇప్పుడు నలభై ఏళ్లు, సగం తల నెరిసింది. సోమవారం బడి వదిలాక అక్కడికి పోయాను.

"దీంట్లో ఏముంది టీచర్, గూగుల్లో కొడితే వస్తాది" అన్నాడు.

కొట్టాడు. రాలేదు.

మొదటి రోజు మా అన్న పేరు కొట్టాము. జోసఫ్ అనే పేరున్న పాస్టర్లు, ఒక పంటి డాక్టరు, పెళ్లి సంబంధాల పేజీలు వచ్చాయి. ఆ ఊరి పేరు కలిపి కొడితే పిన్‌కోడ్ వచ్చింది, వాతావరణం వచ్చింది, ప్లాట్లు అమ్మబడును అని వచ్చింది. ఎన్నికల సంవత్సరం కలిపితే ఫాక్షన్ సినిమాల జాబితా వచ్చింది. సుమోలు గాల్లోకి లేస్తున్న బొమ్మలు వరసగా నిండిపోయాయి. మా అన్న చావు గురించి వెతికితే ఈ లోకం నాకు సినిమా చూపించింది.

"సారు ఆడ ఏం పేరుతో రాసేవాడు టీచర్?"

ఫోన్‌లో కనిపించిన పేరు చెప్పాను. చాక్‌పీస్.

అది కొడితే చాక్‌పీసుల హోల్‌సేల్ దుకాణాలు వచ్చాయి. వంద పెట్టెలు తీసుకుంటే తగ్గింపు ఉందట.

రెండో రోజు షంషుద్దీన్ నాకు అసలు ఇబ్బంది ఏమిటో వివరించాడు. "మామూలు సైటంటే ఒకే పెద్ద ఇల్లు టీచర్. ఫలానా ఇంట్లోనే వెతుకు అని గూగుల్‌కు చెప్తే ఆ ఇల్లంతా గాలిచ్చి తెస్తాది. ఇది అట్లా కాదు. శానా చిన్న చిన్న ఇండ్లు. ఒక్కో ఇంటికి ఒక్కో ఓనరు. ఒక ఇంట్లో సారు రాస్తే, దాని కాపీ మిగతా ఇండ్లకు పోతాది. అందరూ యాడ ఉన్నోళ్లు ఆడనే సదువుకుంటారు."

"అయితే కాపీలు ఉన్నాయన్నమాట."

"ఉంటాయి."

"ఎక్కడ?"

"అదే తెల్దు. ఇండ్లన్నీ వేరే వేరే పేర్లతో ఉంటాయి. ఏ ఇంట్లో వెతకమని గూగుల్‌కు చెప్పాల? ఇంకో తిరకాసు ఏందంటే, ప్రతి కాపీ మీదా 'అసలుది ఫలానా ఇంట్లో ఉంది, ఆడ చూసుకో' అని రాసి ఉంటాది. గూగుల్ శానా మటుకు కాపీలను పక్కన పెట్టి అసలు దాని కాడికే పోతాది."

"అసలు ఇల్లు మూసేశారు కదరా."

"అదే గదా నేను చెప్తాండేది."

ఇల్లు కూలిపోయింది. కాపీలు పట్టుకున్న వాళ్లంతా కూలిన ఇంటి వైపు చేయి చూపిస్తున్నారు. నేను ముప్పై ఏళ్లు బడిలో పని చేశాను, రికార్డులు పోయిన ఆఫీసుల చుట్టూ తిరిగాను. అక్కడ కనీసం తిట్టడానికి ఒక మనిషి ఎదురుగా ఉండేవాడు.

ఇంట్లో అమ్మకు చెప్పకూడదనుకున్నాను. కానీ ఆమెకు చూపు తగ్గింది కానీ చెవులు తగ్గలేదు. ఫోన్‌లో షంషుద్దీన్‌తో మాట్లాడింది విన్నది.

"అల్లుడు రాసినాడా?"

"రాశాడంటమ్మా. దొరకడం లేదు."

"యాడ రాసినాడు?"

"ఫోన్‌లో. అందరూ చదివేచోట."

అమ్మ కాసేపు కొంగు అంచు మడత పెడుతూ కూర్చుంది. "అందరికీ చెప్పినాడు" అంది. "నాకు చెప్పేదానికి నోరు రాలేదు. పారిపోయినానని రాసుకోనుంటాడు. దొరికితే సదువు. దొరక్కుంటే ఇడిసిపెట్టు."

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం నేను గడపలో చెప్పులు విడుస్తుండగానే అడిగేది. "దొరికిందా?"

లేదని చెప్పడం నాకు అలవాటైపోయింది. నాకు ఇంకో భయం ఉండేది. అమ్మ ఊహించిందే నిజమైతే, పారిపోయానని ఆయన రాసుంటే, ఆ పేజీని ఆమెకు చదివి వినిపించాల్సింది నేనే. అయినా వెతకడం మానలేదు. ఆయన గురించి నాకు తెలియని సంగతి ఒకటి నాకు తెలియని మనుషుల దగ్గర ఉండిపోవడం నేను ఓర్చుకోలేకపోయాను.

మూడో వారంలో షంషుద్దీన్ ఒక ఉపాయం కనిపెట్టాడు. "ఇండ్లు వేరైనా మేస్త్రీ ఒకడే టీచర్" అన్నాడు. ఆ ఫోరాలన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌తో నడుస్తాయట. అందుకని ప్రతి పేజీ అడుగునా అవే నాలుగు ఇంగ్లీషు మాటలు అదే వరసలో ఉంటాయట. నియమాలు, సర్వర్ల జాబితా, సహాయం, కోడ్. "ఇంటి పేరు చెప్పలేము గానీ, గడప గుర్తు చెప్పొచ్చు. ఆ నాలుగు మాటలూ కోట్స్‌లో పెట్టి, పక్కన మన మాటలు పెడితే, ఆ రకం ఇండ్లలోనే వెతుకుతాది."

మొదటిసారి తెర మారింది. సినిమాలు పోయాయి. ప్లాట్లు పోయాయి. చిన్న చిన్న ఫోరాల పేజీలు వచ్చాయి, తెలుగువి కూడా. ఎవరో ఉగ్గాని ఎలా చేయాలో రాశారు. ఎవరో పెన్నలో ఇసుక గురించి వాదించుకున్నారు. చాక్‌పీస్ పేరుతో కొర్రల మీద రెండు వాక్యాలు కనిపించాయి. "నానబెట్టకుండా వండితే కొర్రన్నం గొంతు దిగదు. అనుభవంతో చెబుతున్నాను." అది నేను వండిన కొర్రన్నమే. నేను తల తిప్పుకుని రోడ్డు వైపు చూశాను. షంషుద్దీన్ లేచి పోయి ప్రింటర్లో కాగితాలు సర్దాడు.

కానీ పోలింగ్ పోస్టు రాలేదు. జోసఫ్ అని పెట్టాము. రాలేదు. ఊరి పేరు పెట్టాము. రాలేదు. పార్టీల పేర్లు, వర్గాల నాయకుల పేర్లు పెట్టాము. గడప గుర్తుతో సహా పెట్టినా ఒక్కటీ రాలేదు.

"లేదేమో టీచర్. కాపీ పోలేదేమో."

"జనార్దనం గారు చదివింది పులివెందులలో. ఆయన సర్వర్ వేరా, ఈ మూసేసిందేనా?"

"ఇదేనంట, ఫోన్ చేసి కనుక్కున్నా."

"మరి ఇంకెవరూ చదవలేదా?"

"నన్నడిగితే నాకేం తెలుసు టీచర్" అన్నాడు. మూడు వారాల్లో అతను విసుక్కోవడం అదే మొదటిసారి. వెంటనే టీ తెప్పించాడు.

ఆ సాయంత్రం ప్రొద్దుటూరులో బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. సగం దూరం వచ్చాక కండక్టరు అరిచాడు. "రెండు బావులు ఎవురున్నారు? రెండు బావులు దిగేటోళ్లు ముందుకు రాండి."

ఇద్దరు ఆడవాళ్లు గంపలతో లేచారు. బస్సు ఆగింది. రోడ్డు పక్కన బోర్డు మీద ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ పేరు రెండు బావులు కాదు. మా అన్న పోయింది ఆ ఊళ్లోనే. అక్కడ ఇప్పుడు రెండు బావులూ లేవు, పూడ్చేశారు. కానీ గొడవలున్న రోజుల్లో ఆ ఊరి పేరు బస్సులో పైకి అంటే, అక్కడ దిగే వాడు ఏ వర్గం మనిషో బస్సంతా తల తిప్పి చూసేది. అందుకని కండక్టర్లు బావుల పేరు చెప్పి ఆపేవాళ్లు. గొడవలు సద్దుమణిగి చాలా ఏళ్లయింది. ఈ కండక్టరుకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. అయినా అతను ఆ పేరు అనడం లేదు. ఎందుకనడం లేదో అతనికి తెలుసో లేదో.

ఈ దారిలో నేను ముప్పై ఏళ్లుగా తిరుగుతున్నాను. ఆ ఊరి పేరు నేను కూడా ఎన్నడూ నోటితో అనలేదు. షంషుద్దీన్ కంప్యూటర్లో టైపు చేయడమే మొదటిసారి. మా ఇంట్లో మనుషులకు కూడా పేర్లుండేవి కావు. ఒక నాయకుడు మేడాయన, ఇంకో నాయకుడు రైసుమిల్లాయన. పిల్లలకు మాటలు నేర్పేటప్పుడే పేర్లు మింగడం నేర్పేవాళ్లం. ఎవుర్నీ పేరు పెట్టి రాయలేదు, జాగ్రత్త మనిషి అని జనార్దనం గారు తలుపులు వేసి మరీ చెప్పారు. నేను మూడు వారాలు పేర్లతోనే వెతికాను. ఇక్కడ పుట్టి, ఇక్కడ పెరిగి, ఇక్కడే అన్నను పోగొట్టుకున్న దాన్ని. ఎక్కడో హైదరాబాదు నుంచి వచ్చిన విలేఖరి కూడా ఇలాగే వెతికేవాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం విరామంలోనే షంషుద్దీన్ దగ్గరికి పోయాను.

"రెండు బావులు అని పెట్టు."

"అదేంది టీచర్, బస్ స్టేజీ గదా?"

"పెట్టరా. దాని పక్కన సిరా అని పెట్టు."

"సిరా ఏంది?"

మా అన్న ఆ రోజు చేసిన పని ఓటర్ల వేలికి సిరా పెట్టడం. పోలింగ్ డ్యూటీ చేసిన టీచర్లు తర్వాత ఎప్పుడు కలిసినా ఒకరినొకరు పేరుతో కాదు, ఆ రోజు చేసిన పనితో గుర్తు చేసుకుంటారు. జాబితా చూసిన ఆయన, బ్యాలెట్ చించిన ఆయన అని. శుభాకర్ మా అన్నను ఒక్కసారి, పెళ్లికి ముందు, నా ఎదురుగా అలాగే అన్నాడు. వేలికి సిరా పెట్టే ఆయన అని. నేను మొహం చిట్లిస్తే ఆపేశాడు.

షంషుద్దీన్ గడప గుర్తు నాలుగు మాటలూ పెట్టి, మా రెండు మాటలూ పెట్టి నొక్కాడు. ఒకే ఒక్క ఫలితం వచ్చింది. ఎవరిదో పేరు తెలియని ఇల్లు. చదివితే అర్థం కాని చిరునామా. కింద రెండు లైన్లు: "రెండు బావుల కాడి బడి. నాతో డ్యూటీలో ఉన్న ఆయన వేలికి సిరా పెడుతున్నాడు."

"ప్రింట్ తీస్తా టీచర్" అని షంషుద్దీన్ తెర వైపు చూడకుండా చెప్పాడు. మడిచి కవర్లో పెట్టి ఇచ్చాడు.

నేను దారిలో చదవలేదు. అమ్మ కంటే ముందు చదివితే, మార్చి చదవాలనిపిస్తుందేమోనని భయం.

ఇంటికి పోయేసరికి అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. గడపలో చెప్పులు విడిచాను. ఆమె అడగకముందే చెప్పాను.

"దొరికింది."

అమ్మ కాళ్లు కిందికి దించి, చీర సర్దుకుని నిటారుగా కూర్చుంది. "సదువు" అంది.

చదివాను. ఆయన రాసింది ఇది.

"రెండు బావుల కాడి బడి. నాతో డ్యూటీలో ఉన్న ఆయన వేలికి సిరా పెడుతున్నాడు. పదకొండు గంటలప్పుడు మొదటి బాంబు వరండాలో పడింది. రెండోది కిటికీలోంచి వచ్చింది. అందరూ వెనక తలుపు నుంచి పరుగెత్తారు. నేనూ తలుపు దాకా పోయాను. తిరిగి వచ్చాను. ధైర్యంతో కాదు. నా సంచి మర్చిపోయాను. సంచి కోసం వచ్చిన వాడిని ఆయన్ను చూశాను.

"బల్లకు ఆనుకుని కడుపు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. సిరా సీసా ఒలికి రెండు చేతులూ నల్లగా ఉన్నాయి. నేను తల ఒళ్లో పెట్టుకున్నాను. జీపు రావడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ నేను అక్కడే ఉన్నాను.

"ఆయన నీళ్లు అడిగాడు. కుండ చేతికందే దూరంలోనే ఉంది. కడుపులో గాయమైన వాడికి నీళ్లు ఇవ్వకూడదని ఎప్పుడో కాలేజీలో ఎన్.సి.సి. వాళ్లు చెప్పగా విన్నాను. ఇవ్వలేదు. తొమ్మిది సార్లు అడిగాడు. కొంచెం ఓర్చుకో అన్నాను తొమ్మిది సార్లూ. ఆ తర్వాత అడగలేదు. బతుకుతాడని ఇవ్వలేదు. బతకలేదు. ఎలాగూ పోయే మనిషికి గుక్కెడు నీళ్లు ఇవ్వని వాడిని నేను.

"ఆయన తల్లి నన్ను ఒకే ఒకసారి అడిగింది. పక్కన ఎవరైనా ఉన్నారా అని. ఉన్నానంటే తర్వాత అడిగేది నీళ్ల గురించే. అందుకని ఏమీ చూడలేదన్నాను. పారిపోయానని అనుకుంది. అనుకోనిచ్చాను. పారిపోయిన వాడిని మనసులో తిట్టుకుని అన్నం పెట్టగలదు. ఇది తెలిస్తే పెట్టలేదు. ఇన్నేళ్లుగా ఆమె చేతి అన్నమే తింటున్నాను. ప్రతి పూటా నా కంచం పక్కన చెంబు నిండా నీళ్లు పెడుతుంది."

అక్కడితో అయిపోయింది. నేను కాగితం ఒళ్లో పెట్టుకున్నాను. అమ్మ వైపు చూడలేదు.

అమ్మ గొంతు వినిపించింది. అది ఏడుపు గొంతు కాదు. ఆస్పత్రి రోజుల్లో మాట వినని రోగుల మీద వాడే గొంతు.

"ముప్పై ఏండ్లు మిషన్ ఆస్పత్రిలో ఆయాగా చేస్తినే నేను. పొట్టలో దెబ్బ తగిలినోనికి నీళ్లు ఇయ్యగూడదని నాకు తెల్దా? చుట్టాలు జాలిపడి దొంగతనంగా తాపుతారని డాక్టరమ్మ నన్నే మంచం కాడ కాపలా కూసోబెట్టేది. నీళ్లడిగినోళ్లకు లేదని ఎంతమందికి చెప్పినానో. నా కొడుకుకైనా లేదనే చెప్పేదాన్ని."

అప్పుడు తలెత్తి ఆమె వైపు చూశాను.

"ఒక్క మాట అడిగింటే చెప్పేదాన్ని. పక్క గదిలోనే ఉంటి గదా. ఇరవై ఆరేండ్లు పక్క గదిలోనే ఉంటి." అమ్మ అరచేత్తో మంచం పట్టె మీద ఒక్క దెబ్బ కొట్టింది. "దాని కింద ఎవురన్నా ఏమన్నా రాసినారా?"

కాగితం తిప్పాను. వెనక కొన్ని వ్యాఖ్యలు ఉన్నాయి. ఎక్కడి వాళ్లో ఏమో, ఎవరికీ సొంత పేరు లేదు. ఒకరు తాను నర్సునని చెప్పి, మీరు చేసింది సరైన పనే, మిమ్మల్ని మీరు నిందించుకోకండి అని రాశారు. దానికి ఆయన ఇచ్చిన జవాబు చదివి వినిపించాను.

"మీరు అన్నందుకు సంతోషం. కానీ ఆ మాట ఆమె అనాలి."

అమ్మ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. అవి పెట్టుకున్నా ఆమెకు పెద్దగా కనిపించదు.

"రాయి" అంది. "నేను అన్నానని దాని కింద రాయి."

"ఆయన లేడు కదమ్మా."

"రాయమంటాండా."

రాయడం కూడా సులభంగా కాలేదు. ఆ ఇంట్లో సభ్యురాలిగా చేరితేనే రాయనిస్తారట. చేరడానికి పోతే, మీరు ఎందుకు చేరాలనుకుంటున్నారో రాయండి అని ఒక పెట్టె వచ్చింది. ఓనరు చదివి ఒప్పుకోవాలట. నేను ముప్పై ఏళ్లు పిల్లల చేత వ్యాసాలు రాయించాను. ఆ పెట్టెలో ఏం రాయాలో అరగంట ఆలోచించి, చివరికి "ఒక పోస్టుకు జవాబు చెప్పాలి" అని రాశాను. మూడు రోజులు జవాబు లేదు. అమ్మ పొద్దునా సాయంత్రమూ అడిగింది. "ఒప్పుకున్నాడా ఆ మహానుభావుడు?" నాలుగో రోజు ఒప్పుకున్నాడు.

అమ్మ చెప్పింది, నేను టైపు చేశాను. పేర్లు వద్దేమోనమ్మా, ఆయన రాయలేదు కదా అన్నాను.

"వాడు భయపడి రాయలేదు. నాకేం భయం ఈ వయసులో? పేరు పెట్టి రాయి." అని, ఆ ఊరి పేరు పైకి అంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో ఆ పేరు వినడం అదే మొదటిసారి. టైపు చేశాను. జోసఫ్ అని చేశాను. మా అల్లుడు శుభాకర్ అని చేశాను. ఆ కింద:

"నీళ్లు ఇయ్యకపోవడం సరైన పని. నాకు చెప్పకపోవడం తప్పు. ఇట్లు, జోసఫ్ తల్లి జ్ఞానమ్మ, జమ్మలమడుగు."

బటన్ నొక్కాను. పేజీ అడుగున మా మాటలు నిలబడ్డాయి.

"ఇప్పుడు వెతికితే దొరుకుతాదా?" అంది అమ్మ.

"వెంటనే దొరకదమ్మా. వారమైనా పడుతుందన్నాడు షంషుద్దీన్."

"పేర్లు పెట్టి వెతికితే?"

"అప్పుడు దొరుకుతుంది."

"అయితే వారం తర్వాత ఇంకోసారి వెతుకు" అంది అమ్మ. కళ్లద్దాలు తడిమి తీసుకుని, మళ్లీ పెట్టుకుంది.